మనవాడే చక్రవర్తి అయితే

హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ మొదటి నవల 'ద బుక్ అండ్ ద సోర్డ్' చదివినవాళ్ళలో చాలామందికి అందులో నాయకుడు నచ్చడు. అతని పేరు చెన్ జియాలువో. మంత్రి కొడుకు, బాగా చదువుకున్నవాడు, కుంగ్‌ఫూలో ఆరితేరినవాడు. చైనాను ఏలుతున్న పరాయి జాతివాళ్ళు మంచూలను తరిమెయ్యాలని పనిచేసే 'ఎర్రపూల సంఘం' అనే రహస్య సంఘానికి చిన్న వయసులోనే పెద్ద అయ్యాడు. అతను ఊ అంటే ప్రాణం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మనుషులున్నారు. అయినా నవల ముగిసేసరికి తిరుగుబాటు నీరుగారిపోతుంది. ప్రేమించిన అమ్మాయి చనిపోతుంది. మిగిలినవాళ్ళను వెంటబెట్టుకుని అతను పడమటి ఎడారుల వైపు వెళ్ళిపోతాడు. ఇన్ని పేజీలు ఇతని వెనక పరిగెత్తింది ఇందుకా అని చదివేవాళ్ళకి కోపం వస్తుంది. తర్వాత అదే రచయిత రాసిన పెద్ద నవలలతో పోల్చి, తొలి రచన కదా, ఇంకా చెయ్యి తిరగలేదు అని సరిపెట్టుకుంటారు.

మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మొన్న వేసవిలో రెండోసారి చదివాను. గ్రాహమ్ ఎర్న్‌షా చేసిన ఇంగ్లిష్ అనువాదం, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2004లో వేసింది. ఈసారి నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. చెన్ చేసిన తప్పు గురించి చెప్పడానికే ఈ నవల ఉంది. 'వాడు మనవాడే' అన్న ఒక్క నమ్మకం మీద ఒక పోరాటాన్నంతా పణంగా పెడితే ఏమవుతుందో, ఆ పణానికి ఎవరి బతుకులు ఖర్చవుతాయో ఇంత వివరంగా చెప్పిన సాహస కథను నేను ఇంకోటి చదవలేదు.

ఈ నవల పుట్టుక కూడా కథలాగే ఉంటుంది. 1954 జనవరి 17న మకావులో ఇద్దరు కుంగ్‌ఫూ గురువులు బరిలోకి దిగారు. ఒకరు తాయ్ చీ గురువు వూ గోంగ్‌యీ, ఇంకొకరు తెల్లకొంగ పద్ధతి నేర్పే చాన్ హక్‌ఫూ. హాంకాంగ్‌లో అప్పట్లో అలాంటి పోటీలు కుదిరేవి కావు కాబట్టి పక్కనున్న మకావుకి వెళ్ళారు. పోటీ కాసేపట్లోనే ముగిసింది, గెలుపెవరిదో తేలలేదు. కానీ హాంకాంగ్ అంతా దాని గురించే మాట్లాడుకుంది. 'న్యూ ఈవెనింగ్ పోస్ట్' అనే సాయంకాలపు పత్రిక సంపాదకుడు లువో ఫూ ఆ వేడి చల్లారకముందే, మూడు రోజుల్లో, కుంగ్‌ఫూ సీరియల్ మొదలుపెట్టించాడు. దాన్ని రాసింది ఆయన దగ్గర పనిచేసే లియాంగ్ యూషెంగ్. మరుసటి ఏడాది ఇంకో ఉద్యోగి వంతు వచ్చింది. ఆయన అసలు పేరు జా లియాంగ్‌యోంగ్. పేరులోని చివరి అక్షరాన్ని రెండు ముక్కలు చేస్తే 'జిన్', 'యోంగ్' అని రెండు అక్షరాలు వస్తాయి. అదే కలం పేరయింది. 1955 ఫిబ్రవరి 8న మొదటి భాగం అచ్చయింది. 1956 సెప్టెంబరు దాకా రోజూ నడిచింది. చైనీసులో పేరు 'షూ జియెన్ ఎన్ చౌ లూ'. పుస్తకం, కత్తి, మేలు, పగ, వీటన్నిటి కథ అని అర్థం. ఇంగ్లిష్‌లో మొదటి రెండు మాటలే మిగిలాయి.

జిన్ యోంగ్ సొంతూరు జెజియాంగ్ రాష్ట్రంలోని హైనింగ్. చియెన్‌తాంగ్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ సముద్రపు పోటు గోడలా లేచి నదిలోకి ఎదురెక్కుతుంది. ఆ పోటు పొలాల మీద పడకుండా పద్దెనిమిదో శతాబ్దపు మంచూ చక్రవర్తి చియెన్‌లోంగ్ రాతి కట్టలు కట్టించాడు. చిన్నప్పుడు స్కౌటు పిల్లల శిబిరంలో ఆ కట్ట పక్కన పడుకుని, అర్ధరాత్రి ఎగిసిపడే నీళ్ళను చూశానని జిన్ యోంగ్ ఈ నవల వెనుకమాటలో రాసుకున్నాడు.

ఆ ఊళ్ళో ఒక కథ ఉంది. చియెన్‌లోంగ్ తన పాలనలో ఆరుసార్లు దక్షిణాదికి యాత్ర చేశాడు. అందులో నాలుగుసార్లు హైనింగ్ వచ్చి, చెన్ వంశం వాళ్ళ తోటలోనే బస చేశాడు. కట్టల పనులు చూడడానికి వచ్చాడన్నది చరిత్ర. ఊరి జనానికి ఆ కారణం చాలలేదు. ఒక చక్రవర్తి ఒకే ఇంటికి అన్నిసార్లు ఎందుకొస్తాడు? సొంత అమ్మానాన్నలు అక్కడ ఉంటేనే వస్తాడు అన్నారు. చియెన్‌లోంగ్ తండ్రిగా చరిత్రకి తెలిసిన యోంగ్‌జెంగ్ ఇంకా యువరాజుగా ఉన్న రోజుల్లో ఆయన ఇంట్లోనూ, మంత్రి చెన్ షిగువాన్ ఇంట్లోనూ ఒకే రోజు బిడ్డలు పుట్టారట. మీ బాబుని ఒకసారి చూస్తాం, పంపండి అని కబురొచ్చిందట. వెళ్ళింది మగబిడ్డ, తిరిగొచ్చింది ఆడపిల్ల. నోరెత్తితే తలలు పోతాయి కాబట్టి చెన్ కుటుంబం మాట్లాడలేదు. అంటే మంచూల సింహాసనం మీద కూర్చున్నది చైనాలో ఎక్కువమంది జనానిదైన హాన్ జాతి బిడ్డ అన్నమాట.

ఇది నిజం కాదు. మెంగ్ సెన్ అనే చరిత్రకారుడు ఆధారాలతో ఈ కథను కొట్టిపారేశాడు. జిన్ యోంగ్ కూడా ఆ సంగతి దాచకుండా చెప్పాడు. కానీ 1644లో బీజింగ్‌ని మంచూలు ఆక్రమించాక అనేక తరాల పాటు వాళ్ళ కింద బతికిన జనం ఈ కథను ఎందుకు అంత ఇష్టంగా చెప్పుకున్నారో ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. కత్తితో గెలవలేనప్పుడు కథతో గెలవాలనుకున్నారు. మనల్ని తొక్కిపెట్టినవాడు లోలోపల మనవాడే, ఏదో ఒకరోజు తన రక్తం తనకి గుర్తొస్తుంది అని ఆశపడ్డారు. జిన్ యోంగ్ ఈ కథను తీసుకుని, సరే నిజమే అనుకుందాం, అప్పుడేమవుతుందో చూద్దాం అన్నాడు.

ఎర్రపూల సంఘం పాత పెద్ద యు వాన్‌తింగ్‌కి ఈ రహస్యం తెలుసు. ఒక రాత్రి రాజభవనంలోకి చొరబడి చియెన్‌లోంగ్‌కే చెప్పాడు. యు వాన్‌తింగ్ చనిపోతూ, తన పెంపుడు కొడుకు చెన్ జియాలువోకి పెద్దరికం అప్పగించాడు. ఈ చెన్ ఎవరో కాదు, హైనింగ్ చెన్ వంశంలో చిన్న కొడుకు. చక్రవర్తికి సొంత తమ్ముడు. యు వాన్‌తింగ్ వెంట ఆ రాత్రి భవనానికి వెళ్ళిన ఇంకో మనిషి వెన్ తాయ్‌లాయ్. రహస్యం తెలిసినవాడు బతికి ఉండకూడదని చక్రవర్తి మనుషులు అతన్ని వేటాడతారు. నవల సగం దాకా కథంతా వెన్‌ని పట్టుకోవడం, మనవాళ్ళు విడిపించబోవడం, చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోవడం. ఆ పోరాటాల గురించి ఇక్కడ చెప్పను. చదివితేనే బాగుంటాయి. భర్త కోసం గాయాలతోనే గుర్రమెక్కే లువో బింగ్ కోసమైనా చదవాలి.

కానీ ఆ భాగంలో ఒక సంఘటన దగ్గర ఆగాలి. గాయపడ్డ వెన్ తాయ్‌లాయ్‌ని జౌ జోంగ్‌యింగ్ అనే పెద్దమనిషి ఇంట్లో దాచిపెడతారు. జౌ ఆ చుట్టుపక్కల పేరున్న వీరుడు, శరణన్నవాణ్ణి ఇచ్చెయ్యడమన్నది ఆ ఇంట్లో ఎరగరు. ఆయన ఊళ్ళో లేని సమయంలో సర్కారు మనుషులు వస్తారు. ఇల్లంతా వెతికినా దొరకడు. అప్పుడు వాళ్ళకి ఆయన పదేళ్ళ కొడుకు కనిపిస్తాడు. వాడి చేతికి ఒక దుర్బిణీ ఇచ్చి చూడమంటారు. దూరంగా ఉన్న కొండలు దగ్గరికొచ్చేస్తాయి. అది కావాలనిపిస్తుంది పిల్లాడికి. దాక్కున్న చోటు చెప్పేస్తాడు. తండ్రి తిరిగొచ్చి సంగతి తెలుసుకుని, పట్టలేని కోపంలో చేతిలో ఉన్న ఇనప గుండు విసురుతాడు. అది తగిలి పిల్లాడు చనిపోతాడు. పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు తండ్రి కావాలనే చంపినట్టు ఉండేదట. తర్వాత దిద్దినప్పుడు జిన్ యోంగ్ దాన్ని పొరపాటుగా జరిగినట్టు మార్చాడు. ఎలా జరిగినా నాకు ఆ దుర్బిణీ కళ్ళ ముందు నుంచి పోదు. పెద్దవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు, గౌరవం కాపాడుకున్నారు, దానికి ఖరీదు కట్టింది పదేళ్ళవాడు. ఆ బిడ్డ తల్లి ఆ ఇంట్లో ఉండలేక వెళ్ళిపోతుంది.

వీరుల ధర్మానికి ఖరీదు ఎవరు కడతారన్న ప్రశ్న నవల అక్కడే వేసింది. మొదటిసారి చదివినప్పుడు నేను గమనించలేదు.

చైనీసులో ఇలాంటి వీరుణ్ణి 'షియా' అంటారు. రెండు వేల ఏళ్ళ నాడే వీళ్ళ మీద వాదం ఉంది. కత్తి పట్టుకుని చట్టాన్ని లెక్కచెయ్యని వాళ్ళు, రాజ్యానికి చీడ అన్నాడు హాన్ ఫెయ్. తర్వాతి కాలంలో చరిత్రకారుడు సిమా చియెన్ వాళ్ళ కోసం తన గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. వాళ్ళు రాజుల ధర్మానికి లోబడకపోవచ్చు, కానీ ఇచ్చిన మాట తప్పరు, ఆపదలో ఉన్నవాడి కోసం తమ ఒంటిని లెక్కచెయ్యరు అని రాశాడు. నాకు సిమా చియెన్ మాటే ఇష్టం. ఐతే ఈ ధర్మం నిలబడాలంటే రెండు వైపులా మాటకి విలువ ఉండాలి. నువ్వు మాట తప్పితే నీ తోటివాళ్ళు నీ ముఖం చూడరు అన్న భయం ఉండాలి. సింహాసనం మీద ఉన్నవాడికి ఆ భయం దేనికి? చెన్ జియాలువో ఈ తేడా చూడలేకపోయాడు.

అన్నదమ్ములిద్దరూ మొదట హాంగ్‌జౌలో, పశ్చిమ సరస్సు దగ్గర కలుస్తారు. చక్రవర్తి మారుపేరుతో తిరుగుతుంటాడు. సంగీతం, కవిత్వం, మర్యాదలు. ఒకరికొకరు నచ్చుతారు. తర్వాత చియెన్‌లోంగ్ తమ్ముడికి ఒక పచ్చరాయి కానుకగా ఇస్తాడు. ప్రేమ మరీ లోతైతే ఎక్కువ కాలం నిలవదని, బలం మరీ ఎక్కువైతే అవమానం తప్పదని, మంచివాడు పచ్చరాయిలా నునుపుగా, వెచ్చగా ఉంటాడని దాని మీద చెక్కి ఉంటుంది. ఇప్పటికీ చైనీసు పాఠకులు చాలామందికి ఆ నాలుగు పాదాలు కంఠతా వచ్చు. నాకైతే అది కానుకలా కాకుండా హెచ్చరికలా కనిపిస్తుంది. తలవంచుకుని ఉండు, మెత్తగా ఉండు, గట్టిగా ప్రేమించకు అని ఒక అన్న తమ్ముడికి, ఒక రాజు తిరుగుబాటుదారుకి చెప్తున్నాడు.

హైనింగ్‌లో, పోటు ఎగసిపడే కట్ట మీద, ఒకరికొకరు హాని చెయ్యమని మాట ఇచ్చుకుంటారు. తర్వాత సంఘం వాళ్ళు చక్రవర్తినే ఎత్తుకెళ్ళి నది ఒడ్డున ఉన్న 'ఆరు సామరస్యాలు' అని అర్థమొచ్చే పేరున్న లియుహే గోపురంలో బంధిస్తారు. తిండి పెట్టకుండా ఏడిపిస్తారు. చివరికి చెన్ వచ్చి మర్యాదగా విడిపించి తన ప్రతిపాదన చెప్తాడు. నువ్వు హాన్ బిడ్డవి, మంచూలను వెళ్ళగొట్టు, మేమంతా నీ వెనక నిలబడతాం, అప్పుడూ నువ్వే చక్రవర్తివి. చియెన్‌లోంగ్ ఒప్పుకుంటాడు.

ఆ ప్రతిపాదనలో చియెన్‌లోంగ్‌కి కొత్తగా దొరికేదేమిటో చూడండి. అతను అప్పటికే చక్రవర్తి. ఒప్పుకుంటే మంచూ సేనలతో యుద్ధం, తన అనుకున్నవాళ్ళందరితో వైరం. అంతా గెలిచినా, తనని ఒకసారి గోపురంలో కట్టిపడేసినవాళ్ళ అండతో కూర్చునే సింహాసనం. ఒప్పుకోకపోతే ఏ నష్టమూ లేదు. ఇంత తేలిక లెక్క చెన్‌కి ఎందుకు తెలియలేదు? తెలివితక్కువవాడు కాదు. రక్తం ఒకటైతే మనసు కూడా ఒకటే అవుతుందని నమ్మాడు. ఊరి జనం తరాల తరబడి చెప్పుకున్న ఓదార్పు కథను అతను పోరాట వ్యూహంగా మార్చాడు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పకుండా ముందుకి పోలేను.

మా నాన్న ఒక జూట్ మిల్లులో పనిచేసేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా పెద్ద సమ్మె జరిగింది. గేటు ముందు టెంటు వేసుకుని కూర్చునేవారు. ఇంట్లో పప్పు పలచబడింది, మా అమ్మ గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి. అప్పుడు మిల్లుకి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనది మా పక్క ఊరే. యూనియన్ నాయకుల్లో ఒకరికి దూరపు చుట్టం కూడా అయ్యాడు. చర్చలకి పిలిచి, టీలు తెప్పించి, మనం మనం ఒకటి, నన్ను నమ్మండి, కాగితాలెందుకు అన్నాడట. కమిటీలో మా నాన్న కూడా ఉన్నారు. సమ్మె ఆగిపోయింది. ఆరోజు ఇంటికొచ్చి మా అమ్మతో, "మనవాడేనే, మాట తప్పడు" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. మూడు నెలలు తిరక్కుండానే జరగాల్సింది జరిగింది. ఆ తర్వాత మా నాన్న ఎప్పుడూ ఆ మేనేజరుని తిట్టడం నేను వినలేదు. "మనదే తప్పు" అనేవారు. ఏం తప్పో చెప్పేవారు కాదు.

రెండోసారి నవల చదువుతూ లియుహే గోపురం దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఆ టెంటు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

మళ్ళీ తెరిచాక ఇంకో విషయం కనిపించింది. ఈ నవలలో చక్రవర్తిని మొదటి నుంచీ సరిగ్గా అర్థం చేసుకున్నది ఆడవాళ్ళే. కథ రెండో సగం చైనాకి పడమటి అంచున ఉన్న షిన్‌జియాంగ్‌లో, వీగర్ ముస్లింల మధ్య నడుస్తుంది. నవల పేరులో ఉన్న పుస్తకం వాళ్ళ పవిత్ర ఖురాన్. మంచూల చింగ్ ప్రభుత్వ మనుషులు ఆ ప్రతిని దోచుకుపోతే ఎర్రపూల సంఘం తిరిగి ఇప్పించింది. ఆ కృతజ్ఞతతో తెగ నాయకుడి పెద్ద కూతురు హువో చింగ్‌తుంగ్ చెన్‌కి ఒక పొట్టి కత్తి ఇచ్చింది. పేరులో ఉన్న కత్తి అదే. ఆమెకి చెన్ అంటే ఇష్టం. అతనికీ ఇష్టమే. కానీ మగవేషంలో ఉన్న ఇంకో అమ్మాయి ఆమెతో చనువుగా ఉండడం చూసి పొరబడతాడు, దూరం జరుగుతాడు. ఆ తర్వాత ఆమె చెల్లెలు కసిలిని చూస్తాడు. ఒంటి నుంచే పూల వాసన వచ్చే ఆ పిల్లని చూశాక అక్కని మర్చిపోతాడు.

హువో చింగ్‌తుంగ్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చింగ్ సేనాని జావోహుయ్ పెద్ద సైన్యంతో వీగర్ల మీదికి వస్తాడు. అది చరిత్రలోనూ జరిగింది. 1758 చివర్లో నల్లనది దగ్గర జావోహుయ్ సైన్యం నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుంది. నవలలో ఆ యుద్ధాన్ని నడిపింది ఈ అమ్మాయి. చెల్లెలూ చెన్ శత్రువుల మధ్య ఇరుక్కుంటే, అది తమ సైన్యాన్ని లాగడానికి వేసిన ఎర అని గ్రహించి, ఉన్న బలమంతా అక్కడికి పంపడానికి ఒప్పుకోదు. సొంత తండ్రి, సొంత జనం ఆమెని అనుమానిస్తారు. చెల్లెలి మీద అసూయతో కావాలనే చావనిస్తోందంటారు. ఆమె రక్తం కక్కుకుంటూనే వ్యూహం నడిపి గెలుస్తుంది. గెలిచాక ఆమెకి దక్కిన మాట ఓదార్పు కూడా కాదు.

చెన్ ఒకచోట తనలో తాను అనుకుంటాడు. ఆమె అంత సమర్థురాలు కావడం నాకు లోలోపల ఇష్టం లేదేమో అని. ఒక సాహస కథలో, 1950లలో, దినపత్రిక సీరియల్‌లో, నాయకుడి చేత ఈ మాట అనిపించాడు జిన్ యోంగ్. ఇది చెయ్యి తిరగని రచయిత పని అని ఎలా అంటారు? చెన్ ఏం చేశాడో అతనికి తెలుసు, మనకి తెలిసేలా చెప్పాడు. యుద్ధం గెలవగల మనిషిని పక్కన పెట్టి, తనని ప్రశ్నించని మనిషిని ఎంచుకున్నాడు. మాట తప్పగల అన్నను నమ్మినవాడు, నిజం చెప్పగల స్త్రీకి దూరం జరిగాడు. రెండూ ఒకే బలహీనత నుంచి పుట్టాయని నా నమ్మకం. తనకి ఇబ్బంది కలిగించే నిజాన్ని ఎదుర్కోలేకపోవడం.

ఆ తర్వాత వీగర్ల మీద ఇంకో దండు వస్తుంది. తండ్రి, అన్న చనిపోతారు. కసిలిని పట్టుకుని బీజింగ్ తీసుకెళ్తారు. చియెన్‌లోంగ్ ఆమెని చూసి మనసు పడతాడు. ఆమె లొంగదు. బట్టలు ఒంటికి బిగించి కుట్టుకుని, బాకు దగ్గర పెట్టుకుని కాలం గడుపుతుంది. చక్రవర్తి తమ్ముణ్ణి పిలిచి, ఆమెని ఒప్పించు, నేను నా మాట నిలబెట్టుకుంటాను అంటాడు. చెన్ ఆమెని మహాకుడ్యం దగ్గరికి తీసుకెళ్తాడు. అక్కడ ఒక పగలంతా ఆమె లోకంలో తనకంటే సుఖపడేవాళ్ళు లేరన్నట్టు ఆడుతూ పాడుతూ ఉంటుంది. అతను అప్పుడు చెప్తాడు. నా జనం కోసం నువ్వు అతని దగ్గరికి వెళ్ళాలి. ఆమె ఒప్పుకుంటుంది. అతను అడిగాడు కాబట్టి ఒప్పుకుంటుంది.

'నా జనం' అన్న మాట దగ్గర చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. ఎవరి జనం? చక్రవర్తి చెన్‌కి అన్న. కసిలికి మాత్రం అతను తండ్రిని చంపించినవాడు, ఊళ్ళు తగలబెట్టించినవాడు. హాన్‌ల విముక్తి కోసం జరిగిన ఆ బేరంలో వీగర్లు ఎక్కడా లేరు. వాళ్ళకి ఏమొస్తుందని ఎవరూ అడగలేదు. చాలామంది ఈ ఘట్టాన్ని త్యాగం అంటారు. దేశం కోసం ప్రేమను వదులుకున్నాడని చెన్ కోసం కన్నీళ్ళు పెడతారు. నేను ఒప్పుకోను. తనది కానిదాన్ని ఇచ్చేస్తే దాన్ని త్యాగమని ఎలా అంటాం?

కసిలికి కొద్ది రోజుల్లోనే అర్థమవుతుంది, చక్రవర్తి సంఘాన్ని నమ్మించి చంపబోతున్నాడని. చెన్‌కి కబురు చేసే దారి లేదు. మసీదుకి వెళ్ళి ప్రార్థన చేసుకుంటానని అడుగుతుంది. ఆత్మహత్య చేసుకుంటే తనకి స్వర్గం ఉండదని, నరకమే గతి అని నమ్మిన పిల్ల ఆమె. అక్కడే పొడుచుకుని, చక్రవర్తిని నమ్మొద్దని నేల మీద తన రక్తంతో రాసి చనిపోతుంది. యు వాన్‌తింగ్ దగ్గర్నుంచి చెన్ దాకా రాజకీయం తెలిసిన మగవాళ్ళు ఇంత పెద్ద నవలలో గ్రహించలేనిది, చదువు పెద్దగా లేని ఆ అమ్మాయి కొద్ది మాటల్లో రాసింది.

ఈ పాత్ర వెనక కూడా ఒక జానపద కథ ఉంది, 'సుగంధ రాణి' కథ. అసలు మనిషి చియెన్‌లోంగ్ భార్యల్లో ఒకరైన రోంగ్. 1760లో రాజభవనానికి వచ్చింది, 1788లో జబ్బు చేసి చనిపోయింది. తిరుగుబాటుదారులకు ఎదురు నిలబడి చింగ్ పక్షాన ఉన్న కుటుంబం ఆమెది. 1979లో ఆమె సమాధిని పరిశీలించినప్పుడు శవపేటిక మీద అరబ్బీలో ఖురాన్ వాక్యాలు కనిపించాయి. ఇరవై ఎనిమిదేళ్ళు పరాయి భవనంలో తన మతాన్ని తను నిలబెట్టుకుని బతికింది. నాకు ఈ అసలు మనిషి కథే ఎక్కువ ఇష్టం. జిన్ యోంగ్ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే. అతను కసిలిని మరీ పూలలా, మరీ మచ్చలేనట్టు చేశాడు. వీగర్లను అమాయకత్వానికి బొమ్మలుగా చూపించాడు. అక్కని మనిషిలా రాసిన చెయ్యి చెల్లెల్ని కలలా రాసింది.

చివర్లో యోంగ్‌హె భవనంలో విందు పేరుతో పన్నిన ఉచ్చు, పోరాటం, తప్పించుకోవడం అన్నీ ఉంటాయి. చక్రవర్తి సింహాసనం మీదే ఉంటాడు. చరిత్రలోనూ అంతే కదా. చియెన్‌లోంగ్ అరవై ఏళ్ళు ఏలి, తనంతట తాను దిగిపోయి, 1799లో ముసలితనంతో చనిపోయాడు.

జిన్ యోంగ్ ఈ ప్రశ్నను ఇక్కడితో వదల్లేదు. అందుకే ఇది తొలి ప్రయత్నం, వదిలెయ్యండి అన్నవాళ్ళతో నాకు పేచీ. 1963లో మొదలుపెట్టిన నవలలో చియావో ఫెంగ్ అనే వీరుణ్ణి సృష్టించాడు. హాన్‌గా పెరిగి, హాన్‌ల కోసం పోరాడి, తను పుట్టుకతో శత్రువుల జాతివాడినని తెలుసుకుంటాడు. అప్పటిదాకా నెత్తిన పెట్టుకున్నవాళ్ళంతా ఒక్క రోజులో కత్తులు దూస్తారు. 1969 నుంచి 1972 దాకా రాసిన చివరి నవలలో నాయకుడి తండ్రి ఎవరో తల్లికే తెలియదు. హాన్ కావచ్చు, మంచూ కావచ్చు, మంగోలు కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు. ఆ నవలలో మంచూ చక్రవర్తి కాంగ్‌షీ మంచి పాలకుడు. అంతకుముందున్న హాన్ రాజులకంటే జనాన్ని నేను బాగా చూసుకుంటున్నాను కదా అని అడిగితే రహస్య సంఘం వాళ్ళ దగ్గర జవాబు లేదు. సింహాసనం మీద మన రక్తమే ఉందని ఊహించుకుని మొదలైన రచయిత, పదిహేడేళ్ళకి రక్తం లెక్కే చెరిపేశాడు. ఆ దారి మొదలైంది మాత్రం చెన్ జియాలువో ఓటమి దగ్గరే.

రచయిత జీవితం చూసినా ఇది ఊరికే పుట్టిన ఆలోచన కాదనిపిస్తుంది. ఆయన పూర్వీకుడు జా సితింగ్‌ని 1726లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి, అతని రాతలో రాజద్రోహం ఉందన్న నేరం మీద, జైల్లో వేస్తే అక్కడే చనిపోయాడు. అది పరాయి రాజు చేసిన పని. ఆయన సొంత తండ్రి జా షూచింగ్‌ని 1951లో, హైనింగ్‌లోనే, భూస్వామి అని ముద్ర వేసి కాల్చి చంపారు. అది సొంతవాళ్ళ రాజ్యం చేసిన పని. నాలుగేళ్ళు గడవకముందే ఆ కొడుకు హాంకాంగ్‌లో కూర్చుని, మనవాడే చక్రవర్తి అయితే ఏమవుతుందో రోజుకి కొంచెం చొప్పున రాశాడు. తైవాన్‌లో 1979 దాకా ఆయన పుస్తకాల మీద నిషేధం ఉండేది. చైనాలోనూ 1980ల దాకా జనం దొంగచాటు ప్రతులే చదువుకున్నారు. ఒకరితో ఒకరికి పడని రెండు ప్రభుత్వాలూ ఈ కత్తిసాము కథలకి భయపడ్డాయి.

నేను ఈ కథను మా నాన్నకి కొన్ని సాయంత్రాలు చెప్పాను. ఇప్పుడు ఆయనకి చూపు సరిగ్గా లేదు, చదవలేరు. చైనా పేర్లు తిరగక చెన్‌ని 'ఆ కుర్రాడు' అనేవారు. దుర్బిణీ దగ్గర "అయ్యో" అన్నారు. గోపురం దగ్గర ఏమీ అనలేదు. మహాకుడ్యం దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపారు.

"ఆ పిల్లని అడిగారా అమ్మా?"

"అతనే కదా నాన్నా అడిగింది, వెళ్ళమని."

"వెళ్ళమని అడగడం కాదు. రాజుతో ఆ మాట అనుకునేటప్పుడు. అప్పుడు ఆ పిల్లని పిలిచారా?"

పిలవలేదని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేను ఇంక పడుకుంటారేమోనని లేచాను. అప్పుడు చెప్పారు, సమ్మె ఆగిన రోజు మేనేజరు గదిలో ఏం జరిగిందో. పర్మనెంటు వాళ్ళకి బోనసు, క్యాజువల్ వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం అన్నాడట. కమిటీ సరేనంది. ఆ తర్వాత మొదట తీసేసింది వాళ్ళనే.

"సంచులు కుట్టే సెక్షన్లో పదహారు మంది ఆడవాళ్ళు ఉండేవాళ్ళు," అన్నారు. "మాతోపాటే టెంటులో కూర్చున్నారు అన్ని రోజులూ. ఆరోజు లోపలికి మాత్రం వాళ్ళని పిలవలేదమ్మా."